శాంపిల్ డేటా సరైనదో కాదో చూడాల్సింది ఎవరు? మా టీమ్‌లో నాలుగు రోజులుగా ఇదే గొడవ

గుట్టల_బేగంపేట
మాది వెండర్లు వివరాలు నింపి రిజిస్టర్ చేసుకునే వెబ్ అప్లికేషన్. పేరు, పాన్, ఆధార్, జీఎస్టీ నంబరు, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ, మొబైల్, అడ్రస్, కొన్ని తేదీలు, అంతే. ఆ ఫారంని టెస్టు చేయడానికి నేను చేరక ముందే ఎవరో శాంపిల్ డేటాతో 412 వరసల ఎక్సెల్ షీటు తయారుచేశారు. చేసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. షీటు మాత్రం చేతులు మారుతూ మా దాకా వచ్చింది. అందులో 354 వరసలు ఫారం ఒప్పుకోవాల్సినవి, 58 తిప్పికొట్టాల్సినవి.

పోయిన సోమవారం డెవలపర్లు జీఎస్టీ నంబరుకి చెక్‌సమ్ తనిఖీ పెట్టారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే రాత్రి నడిచిన టెస్టుల్లో 311 ఎర్రగా ఉన్నాయి, అంటే ఫెయిల్. "మీ డేటా చెత్త" అని వాళ్లు, "చెప్పకుండా కోడ్ మార్చారు" అని టెస్టర్లం మేము. శుక్రవారంలోగా తేల్చమని మేనేజర్ అన్నాడు.

మీ ఆఫీసుల్లో శాంపిల్ డేటా ఎవరు చూస్తారు? ఎలా చూస్తారు? 412 వరసలు కళ్లతో చూడటం నావల్ల కాదు.

పాత_డీబీఏ
ముందు ఒక్కటి చెప్పు. ఆ షీటులో పాన్ నంబరు ఏబీసీడీఈ1234ఎఫ్ అని ఉందా?

గుట్టల_బేగంపేట
ఉంది. 90 వరసల దాకా అదే. మీకెలా తెలుసు అన్నా?

పాత_డీబీఏ
అందరి షీట్లలోనూ అదే ఉంటుంది కాబట్టి. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. రూపం సరిగ్గా ఉంటుంది, ఫారం పచ్చజెండా ఊపుతుంది. కానీ పాన్‌లో నాలుగో అక్షరం అది ఎవరి పేరు మీద ఉందో చెబుతుంది. వ్యక్తికి పీ, కంపెనీకి సీ, భాగస్వామ్య సంస్థకి ఎఫ్, ట్రస్టుకి టీ, ఉమ్మడి కుటుంబానికి హెచ్. ఇంకొన్ని ఉన్నాయి కానీ వాటిలో డీ లేదు. ఏబీసీడీఈలో నాలుగోది డీ. అంటే ఆ పాన్ ఎవరికీ వచ్చే అవకాశమే లేదు.

చాయ్_రెండు
పాపం ఏబీసీడీఈ గారు. దేశంలో ఇన్ని కంపెనీల్లో రిజిస్టరైన మనిషి ఇంకొకరు ఉండరు. ఒక్కసారి కూడా పన్ను కట్టలేదు.

కోడు_కోడలు
నేను డెవలపర్‌ని, కాబట్టి నా మాట పక్షపాతమే అనుకోండి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. పదమూడోది అదే పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది, పద్నాలుగోది మామూలుగా జెడ్, చివరిది చెక్‌సమ్. ఇందులో రహస్యం ఏముంది? షీటు చేసినవాళ్లు పది నిమిషాలు చదివి ఉంటే సరిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కోడ్ మీద పడితే ఎలా?

మాధాపూర్_టెస్టరమ్మ
కోడలమ్మా, పది నిమిషాలు చదవడం సరే. మరి ఇన్నాళ్లూ మీ డెవలపర్ల కోడ్ ఆ నంబర్లను ఎందుకు తీసుకుంది? 15 అక్షరాలు ఉంటే చాలని మీరే అన్నారు, ఆ ప్రకారమే డేటా చేశారు. రూలు మార్చినప్పుడు టికెట్‌లో (చేసే పని నమోదు చేసే చోట) ఒక్క మాట రాస్తే మంగళవారం ఈ రచ్చ ఉండేది కాదు.

కోడు_కోడలు
టికెట్‌లో రాయాల్సింది, ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

అమీర్‌పేట_బ్యాచ్
ఫ్రెషర్‌ని, తిట్టకండి. చెక్‌సమ్ అంటే ఏంటి? కోర్సులో ఒక్క స్లైడులో పోనిచ్చారు.

పాత_డీబీఏ
తిట్టడం ఎందుకు, అడిగింది నువ్వొక్కడివే. నంబరులో చివరి అంకెని మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెడతారు. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పితే లెక్క కుదరదు, అక్కడే దొరికిపోతుంది. టెస్టు కార్డు నంబరు 4111 1111 1111 1111 చూసే ఉంటావు. కుడి నుంచి రెండో అంకెతో మొదలుపెట్టి, ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చెయ్యి. అలా 4 ఎనిమిదవుతుంది, ఏడు ఒకట్లు ఏడు రెళ్లై 14, ముట్టుకోని ఒకట్లు 8. మొత్తం 30. పదితో భాగించబడింది కాబట్టి సరైన నంబరు. రెట్టింపు చేస్తే 9 దాటేదానికి 9 తీసెయ్యాలి, ఇక్కడ ఆ అవసరం రాలేదు. దీన్ని లూన్ పద్ధతి అంటారు.

ఆధార్‌ది వేరు, వెర్‌హాఫ్ పద్ధతి. ఆ పేరు గల డచ్ గణితవేత్త 1969లో ఇచ్చాడు. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా కచ్చితంగా పట్టుకుంటుంది. లూన్‌కి 09 బదులు 90 పడితే తెలియదు.

అమీర్‌పేట_బ్యాచ్
అర్థమైంది అన్నా. మా ప్రాజెక్టులో ఆధార్ 1234 5678 9012 పెట్టాను. చెక్‌సమ్ తప్పా?

పాత_డీబీఏ
చెక్‌సమ్ దాకా ఎందుకు? ఆధార్ సున్నాతో గానీ ఒకటితో గానీ మొదలవదు.

నైట్‌షిఫ్ట్_నారాయణ
గుట్టల గారూ, మీరంతా ఆ 311 గురించి కొట్టుకుంటున్నారు. నాకైతే ఎర్రగా మారని ఆ 58 వరసలంటేనే భయం.

మా కథ చెప్తా. తప్పు పిన్‌కోడ్ వేస్తే ఫారం ఒప్పుకోకూడదు అని మాకో టెస్టు ఉండేది. ఏడు నెలలు పచ్చగా ఉంది. ఒకరోజు కస్టమర్ ఫోన్ చేసి, మీ ఫారం ఐదంకెల పిన్‌కోడ్ తీసుకుంటోందేంటి అన్నాడు. చూస్తే ఎవరో స్క్రీన్ మార్చినప్పుడు పిన్‌కోడ్ తనిఖీ ఎగిరిపోయింది. మరి టెస్టు ఎందుకు పచ్చగా ఉంది? ఆ వరసలో మొబైల్ నంబరు 5తో మొదలైంది. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపే కదా మొదలవుతాయి. ఫారం మొబైల్ చూసి తిప్పికొట్టింది, టెస్టేమో పిన్‌కోడ్ తనిఖీ బ్రహ్మాండం అంది. ఏడు నెలలు!

తప్పు డేటా ఒక్కచోటే తప్పుగా ఉండాలి. మిగతా గళ్లన్నీ మడి కట్టుకుని ఉండాలి. 311 మంది కనీసం అరుస్తున్నారు. ఆ 58 మంది నోరు మూసుకుని కూర్చున్నారు.

మాధాపూర్_టెస్టరమ్మ
దీనికి వంద లైకులు. టెస్టులో కూడా తిప్పికొట్టిందా అని అడిగి ఊరుకోకూడదు. ఏ గడి కింద ఏ మెసేజ్ వచ్చిందో చూడాలి.

గుట్టల_బేగంపేట
నారాయణ గారూ, టెన్షన్ పెట్టారు. ఆ 58 వరసలు మొదటి వరసని కాపీ చేసి ఒక్కో గడి మార్చి చేసినవే. మొదటి వరసలో జీఎస్టీ నంబరే తప్పు. అంటే ఇప్పుడు 58 కూడా జీఎస్టీ దగ్గరే ఆగిపోతున్నాయేమో. రేపు చూసి చెప్తా.

ఉప్పల్_టు_రాయదుర్గం
మెట్రోలో నిలబడి చదువుతున్నా, అమీర్‌పేట దాకా సీటు దొరకదు కాబట్టి పెద్దదే రాస్తా.

గడి గడి విడిగా చూస్తే సరిపోదు. వరస మొత్తం ఒక మనిషిలా కనిపించాలి. మా దగ్గర ఒక వరసలో రాష్ట్రం తెలంగాణ, జీఎస్టీ కోడ్ 37, పిన్‌కోడ్ 530తో మొదలు. అంటే హైదరాబాద్ అడ్రస్, ఆంధ్రా రిజిస్ట్రేషన్, విశాఖ పోస్టాఫీసు. ఒక్కో గడి విడిగా సరైనదే. జీఎస్టీలో ఇమిడిన పాన్ ఒకటి, పక్క గడిలో పాన్ ఇంకొకటి. మా యాప్ రాష్ట్రాన్ని బట్టి పన్ను చీలుస్తుంది, రాష్ట్రం లోపల అమ్మితే సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది), బయటికైతే రెండూ కలిపి ఐజీఎస్టీ. ఈ వరసకి ఏ లెక్క సరైనదో చెప్పమంటే నేనూ చెప్పలేను, క్లయింటూ చెప్పలేడు.

ఐఎఫ్ఎస్‌సీ సంగతి మర్చిపోయా. 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. మావాళ్లు సున్నా బదులు ఇంగ్లీషు ఓ కొట్టారు. కళ్లతో చూస్తే పట్టుకోవడం దేవుడివల్ల కూడా కాదు.

బతుకమ్మ_బైట్స్
జిల్లాల డ్రాప్‌డౌన్ ఎవరైనా చూశారా? నేను తీసుకున్న ప్రాజెక్టులో శాంపిల్ డేటాలో తెలంగాణకి 10 జిల్లాలే. 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. ఆంధ్రాలో 13 కాస్తా 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. టెస్టులు మాత్రం అవిభక్త వరంగల్‌లో హాయిగా కాపురం చేస్తున్నాయి.

చాయ్_రెండు
బండి నంబరు గడి ఉంటే అదీ చూసుకోండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ. మా రెజెక్స్‌కి (రాసింది ఏ రూపంలో ఉండాలో చూసే సూత్రం) ఏపీ, టీఎస్ తప్ప ఇంకోటి తెలియదు. మా బాస్ కొత్త కారే దాంట్లో ఎక్కలేదు, అప్పుడు గానీ టికెట్ కదల్లేదు.

మాధాపూర్_టెస్టరమ్మ
బతుకమ్మ గారు చెప్పినట్టు డేటాకి కూడా వయసు మీదపడుతుంది. మైనర్లు అకౌంట్ తెరవకూడదు అనే టెస్టుకి మావాళ్లు 2006 పుట్టినతేదీ ఒకటి రాసి పెట్టారు. ఆ పిల్లాడికి 2024లో 18 నిండాయి, టెస్టు పోయింది. ఎవరూ కోడ్ ముట్టుకోలేదు. రెండు రోజులు ముగ్గురం వెతికాం. ఆఖరికి ఆఫీసు బాయ్‌తో చెబితే "వాడు పెద్దోడైండు మేడం" అన్నాడు.

అప్పటి నుంచి తేదీలు రాయం. ఇవాళ్టికి సరిగ్గా 18 ఏళ్లు, దానికి ఒక్కరోజు తక్కువ, ఒక్కరోజు ఎక్కువ, ఇలా టెస్టు నడిచే రోజు నుంచి లెక్కగట్టి పుట్టిస్తాం. కార్డు గడువు తేదీలకీ అదే పద్ధతి.

కోడు_కోడలు
ఇవాళ్టి నుంచి లెక్కగట్టడం నాకు నచ్చదు. ఫిబ్రవరి 29న ఒకలా, మిగతా రోజుల్లో ఇంకోలా నడుస్తుంది. టెస్టులో గడియారాన్నే ఒక తేదీ దగ్గర ఆపెయ్యాలి. డేటా స్థిరంగా ఉంటుంది, గడియారమూ స్థిరంగా ఉంటుంది.

మాధాపూర్_టెస్టరమ్మ
బ్రౌజర్ నుంచి డేటాబేస్ దాకా అన్ని గడియారాలూ ఆపగలిగితే అలాగే చెయ్యి తల్లీ. మాకు కుదరలేదు. అర్ధరాత్రి పుట్టినతేదీ సేవ్ చేస్తే సర్వరు టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి, పిల్లాడు ముందురోజే పుట్టేశాడు.

లక్ష్మీ_21బైట్లు
నా హ్యాండిల్ చూసి అందరూ అడుగుతారు, ఇదిగో కథ. మా శాంపిల్ డేటాలో పేర్లన్నీ ఇంగ్లీషులోనే. టెస్ట్ యూజర్ 1, టెస్ట్ యూజర్ 2. లైవ్‌కి వెళ్లాక ఒకావిడ తెలుగులో లక్ష్మీ అని రాసింది, ఎర్రర్ వచ్చింది. చూడటానికి రెండు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఈత్వం, మొత్తం ఏడు. వాటిని దాచే యూటీఎఫ్8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, కాబట్టి 21. మా ఆరకిల్ డేటాబేస్ టేబుల్‌లో ఆ గడి వెడల్పు 20. అక్కడ మనం విడిగా చెప్పకపోతే 20 అంటే మామూలుగా 20 బైట్లే. ఒక్క బైటు తేడాతో లక్ష్మి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

తర్వాత అక్షరాలు మాత్రమే రాయాలన్న రెజెక్స్. అది క, ల, మ తీసుకుంటుంది, గుణింతాలు తీసుకోదు. వాటిని యూనికోడ్ అక్షరాలుగా కాక గుర్తులుగా లెక్కిస్తుంది. పేరు "కమల" అయితే పాస్, "రాధ" అయితే ఫెయిల్. గుణింతం లేని పేర్లు పెట్టమని జనాలకి చెప్పలేం కదా.

చాయ్_రెండు
కమల, పవన, భరత పాస్. భరత్ అని రాస్తే పొల్లు వల్ల ఫెయిల్. ఈ లెక్కన ముందు పేరు, ఆ తర్వాత పిల్లలు.

ఉప్పల్_టు_రాయదుర్గం
ఇంటిపేరు సంగతి? ఫస్ట్‌నేమ్ లాస్ట్‌నేమ్ రెండూ తప్పనిసరి, రెండూ కనీసం మూడు అక్షరాలు అని మా ఫారం. శాంపిల్ డేటా అంతా జాన్ స్మిత్‌లే. మనవాళ్లు ఇంటిపేరు కె అని రాస్తారు, పేరు ముందు మూడు ఇనీషియల్స్ ఉంటాయి, కొందరికి అసలు ఇంటిపేరే ఉండదు. డేటా రూలుకి సరిపోయింది. రూలే మనుషులకి సరిపోలేదు.

ఖాళీ_సెల్
ఇంత గొడవెందుకు? లైవ్ డేటాబేస్ కాపీ తీసుకుని దాని మీద టెస్టు చేయండి. నిజమైన డేటా కంటే సరైనది ఏముంటుంది? మేం అదే చేస్తాం.

పాత_డీబీఏ
ఖాళీ_సెల్, ఈ మాట మీ లీగల్ వాళ్ల ముందు అనకు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. తగిన భద్రత పాటించకుండా డేటా బయటపడితే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. లైవ్ సర్వరుకి సవాలక్ష తాళాలు వేసి, అదే డేటాని టెస్టు సర్వరులో తలుపు తీసి పెడతారు. కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో కూడా ఉంటుంది.

అదీగాక లైవ్ డేటా అంతా సరైనదని ఎవరన్నారు? పదేళ్ల కిందట పాత రూలుతో ఎక్కిన చెత్త అంతా అందులోనే ఉంటుంది.

ఖాళీ_సెల్
పేర్లు మాస్క్ చేస్తాంలే, అసలువి దాచి వేరేవి పెడతాం.

లక్ష్మీ_21బైట్లు
పేర్లు మాత్రమేనా? మొబైల్, ఈమెయిల్? మా పాత ఆఫీసులో పేర్లు మార్చి మొబైళ్లు వదిలేశారు. టెస్టు సర్వరు రాత్రి రెండింటికి జనాలకి ఓటీపీలు పంపింది. ఒక పెద్దాయన పొద్దున్నే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, నా డబ్బు ఎవరు తీస్తున్నారు అని ఏడ్చాడు. అది విన్నాక నాకు అన్నం సయించలేదు.

ఈమెయిల్‌కి ఎగ్జాంపుల్ డాట్ కామ్ వాడండి. 1999 నుంచి దాన్ని ఉదాహరణల కోసమే పక్కన పెట్టారు. అబ్బా డాట్ కామ్ అని నోటికొచ్చింది రాస్తే అది ఎవరిదో అయ్యుంటుంది.

ఖాళీ_సెల్
సరే సరే, నాకు తెలిసింది చెప్పాను, అందరూ కలిసి దంచకండి.

అమీర్‌పేట_బ్యాచ్
ఉత్తుత్తి డేటా పుట్టించే ఫేకర్ లైబ్రరీతో పుట్టిస్తే అయిపోతుంది కదా? మా సార్ అదే వాడమన్నారు.

నైట్‌షిఫ్ట్_నారాయణ
వాడు, కానీ సీడ్ (ఎక్కడి నుంచి మొదలెట్టాలో చెప్పే నంబరు) కట్టేసి వాడు. లేకపోతే ప్రతి రాత్రీ కొత్త డేటా వస్తుంది, నిన్న పోయిన టెస్టు ఇవాళ పాస్ అవుతుంది, ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియదు. ఇంకోటి, అది గడి గడికి విడిగా పుట్టిస్తుంది. ఉప్పల్ గారు చెప్పిన పాన్, జీఎస్టీ, రాష్ట్రం బంధుత్వం దానికి తెలియదు. ముందు పాన్ పుట్టించి, దాన్నుంచి జీఎస్టీ కట్టి, చెక్‌సమ్ లెక్కగట్టే పని నువ్వే రాసుకోవాలి. లేదంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కోడు_కోడలు
గుట్టల గారి అసలు ప్రశ్నకి నా జవాబు. తనిఖీ కోడ్ డెవలపర్ల దగ్గర ఎలాగూ ఉంది. షీటులో ఒక్కో వరసని దానికే ఇచ్చి, ఏది తప్పో రాయించండి. గంట పని.

పాత_డీబీఏ
అక్కడే ఆగమ్మా. మీ తనిఖీలో తప్పుంటే? ఆ తప్పుకి సరిపోయే డేటాని మంచిదంటుంది, మంచి డేటాని తప్పంటుంది. తన పేపరు తానే దిద్దుకున్నట్టు. డేటాని చూసే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) వేరేగా ఉండాలి, వేరే మనిషి రాయాలి, రూలు పుస్తకం చూసి రాయాలి. రెండూ విభేదించిన చోట కూర్చుని మాట్లాడుకోవాలి.

కోడు_కోడలు
ఒకే రూలు రెండుచోట్ల రాసి, రెండుచోట్ల మార్చాలా? ఎవరు చేస్తారు?

పాత_డీబీఏ
జీఎస్టీ వచ్చింది 2017లో. నంబరు రూపం ఎన్నిసార్లు మారింది చెప్పు.

కోడు_కోడలు
సరే, ఈ గడికి మీదే గెలుపు. జిల్లాలకి మాత్రం కాదు.

గుట్టల_బేగంపేట
శుక్రవారం వచ్చేసింది. చెప్పినట్టే విడిగా చిన్న స్క్రిప్టు రాశాను, 140 లైన్లు.

ముందు ఒక దెబ్బ తిన్నాను. షీటుని సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) చేసేసరికి ఆధార్ గడి అంతా 2.34568ఈ+11 అయిపోయింది. మళ్లీ తెరిస్తే చివరి ఆరు అంకెలు సున్నాలు. తేదీలు కూడా. క్లౌడ్ మెషీన్ అమెరికా పద్ధతిలో ఉంది, 13 నుంచి పైన తారీఖులు టెక్స్ట్‌గా మిగిలాయి, 12 లోపువి నెలా తారీఖూ తారుమారయ్యాయి. టెక్స్ట్ ఫార్మాట్ పెట్టి మళ్లీ చేశా.

ఫలితం. 354 మంచి వరసల్లో జీఎస్టీ చెక్‌సమ్ తప్పినవి 311, అది తెలిసిందే. మిగిలిన 43లో 12 వరసల్లో పక్క గడి పాన్ ఏబీసీడీఈ గారిదే. నారాయణ గారు భయపెట్టిన 58లో 44 వరసలకి ఒకటి కంటే ఎక్కువ తప్పులున్నాయి. వాటిని ఒక్కో తప్పుకి దించి మళ్లీ నడిపితే రెండు అసలు బగ్గులు దొరికాయి. ఐఎఫ్ఎస్‌సీలో ఓ తీసుకుంటోంది. పిన్‌కోడ్ సున్నాతో మొదలైనా తీసుకుంటోంది.

డెవలపర్లు ఆ రెండూ చూసి కాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం నిద్ర పట్టింది.

నైట్‌షిఫ్ట్_నారాయణ
చూశారా! పచ్చగా ఉన్నవే.

కోడు_కోడలు
ఆ ఓ, సున్నా బగ్గు మా ప్రాజెక్టులోనూ ఉందేమో చూసొస్తా. ఇప్పుడే.

ఉప్పల్_టు_రాయదుర్గం
ఒక్క డౌటు. ఆ 43 నంబర్లకి చెక్‌సమ్ ఎలా కుదిరింది? చేత్తో రాసినవాళ్లకి అన్ని కుదరవే.

గుట్టల_బేగంపేట
అదే నాకూ అనిపించి వెతికాను. మా టీమ్‌లో పాత మనిషి ఒకాయన నవ్వి చెప్పాడు. అప్పట్లో షీటు చేసినవాళ్లు లంచ్‌కి బయటికెళ్లినప్పుడు చేతికొచ్చిన బిల్లుల మీద నుంచి ఆ నంబర్లు ఎక్కించారట. అన్నీ 36తో మొదలు. సగం బిర్యానీ హోటళ్లు, మూడు మెడికల్ షాపులు, ఒక బేకరీ.

చాయ్_రెండు
అంటే 412 వరసల్లో ఘాటుగా ఉన్నవి బిర్యానీ వరసలు ఒక్కటే.

పాత_డీబీఏ
నవ్వులాట కాదు, అవన్నీ తీసెయ్యి. నిజమైన వ్యాపారుల నంబర్లు అవి. రేపు ఎవరైనా మీ యాప్‌ని లైవ్ వెరిఫికేషన్‌కి కలిపితే ఆ బేకరీ పేరు మీద వెండర్ అకౌంట్ తెరుచుకుంటుంది.

గుట్టల_బేగంపేట
తీసేశాను అన్నా. లెక్కన పాత షీటు నుంచి మిగిలింది శీర్షికల వరస ఒక్కటే. కొత్తగా 120 వరసలు పుట్టిస్తున్నా, స్క్రిప్టు రాత్రి రన్‌కి ముందు నడుస్తుంది, ఒక్క వరస తప్పినా టెస్టులు మొదలవవు. ఎవరు చూడాలన్న ప్రశ్నకి మేనేజర్ తీర్పు కూడా వచ్చింది: స్క్రిప్టు నాది, రూలు మారితే ముందురోజే చెప్పడం డెవలపర్లది. ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

అమీర్‌పేట_బ్యాచ్
అన్నా ఆ స్క్రిప్టు నాకు పంపిస్తారా? ఆధార్ భాగం చాలు.

గుట్టల_బేగంపేట
మెసేజ్ చేశా. ఆధార్ గడి టెక్స్ట్‌గా పెట్టుకున్నాకే నడుపు. మొదటి వరస 1234తో మొదలైతే అది నీ తప్పు, స్క్రిప్టుది కాదు.

అమీర్‌పేట_బ్యాచ్
మార్చేశా అన్నా. ఇప్పుడు 2345 6789 0123.

పాత_డీబీఏ
నడిపి చూడు ముందు.